కొక్కెం త్రాసుతో కొన్న సీఎన్‌సీ రూటర్

జులై 3

కాకినాడలో చెల్లి వాళ్ల కొత్తింటికి మాఘమాసంలో గృహప్రవేశం. గుమ్మం పక్కన పెట్టే నేమ్‌బోర్డూ, పూజగది జాలీ తలుపులూ నేనే చేసిస్తానని నోరు జారాను. బోర్డు మీద "శ్రీ కృష్ణ నిలయం" అని టేకులో లోతుగా చెక్కి ఉండాలట. ఉలి పట్టుకోవడం వచ్చు గానీ, అక్షరం చెక్కేంత చెయ్యి నాకు లేదు.

మా రాజమండ్రిలో సింహద్వారాల మీద లక్ష్మీదేవిని, ఏనుగుల్ని చెక్కే సీఎన్‌సీ షాపు ఒకటి తెలుసు. సీఎన్‌సీ అంటే కంప్యూటర్ చెప్పిన దారిలో తిరిగే బిట్టుని నడిపి చెక్కే మిషను. ఆషాఢం కదా, ముహూర్తాలు లేవు, షాపాయన ఖాళీగానే ఉన్నాడు. బోర్డు సైజు చెప్పగానే నవ్వాడు. "బిట్టు మార్చి, చెక్క బిగించి, జీరో పెట్టేసరికి గంట పోద్దండి. ఆ గంటకి మీ దగ్గర ఎంతని తీసుకోమంటారు?" న్యాయమే. ఆయనది 4 అడుగులకి 8 అడుగుల బెడ్, ఇనప బాడీ, వందల కిలోల మిషను. దాని మీద నా బోర్డు పెడితే పెళ్లిపందిట్లో పీటలా ఉంటుంది.

అసలు సంగతేంటంటే, అలాంటిదే చిన్న సీఎన్‌సీ రూటర్ ఒకటి కొనాలని మూడేళ్లుగా మనసులో ఉంది. ఇప్పుడు సాకు దొరికింది. బడ్జెట్ లక్ష అనుకున్నాను. ఇంట్లో మాత్రం డెబ్బై వేలని చెప్పాను.

జులై 13

ఆఫీసులో కుర్రాడొకడి దగ్గర 3018 మిషను ఉంటే రెండు వారాలకి అడిగి తెచ్చుకున్నాను. ఆన్‌లైన్‌లో అందరికీ మొదట కనబడేది ఇదే. 300 మి.మీ.కి 180 మి.మీ. పని జాగా, 775 మోటారు, బండిని జరిపే 8 మి.మీ. మరలు (లీడ్ స్క్రూలు). ధర చూస్తే ఎవరికైనా చెయ్యి దురదపెడుతుంది.

ఎండీఎఫ్‌లో (చెక్కపొట్టు నొక్కి చేసే పలక), మెత్తని చెక్కలో బాగానే పనిచేసింది. టేకు పెట్టి 3 మి.మీ. బిట్టుతో ఒక మి.మీ. లోతు దించగానే కీచుమని అరవడం మొదలెట్టింది. తీసి చూస్తే గాడి అంచు రంపపు పళ్లలా ఉంది. లోతు 0.3కి తగ్గిస్తే శుభ్రంగానే కోసింది గానీ, 6 మి.మీ. లోతు కావాలంటే అదే దారిలో ఇరవై సార్లు తిరగాలి.

అరుపుకి కారణం మోటారు చాలకపోవడం అనుకున్నాను మొదట. అనుమానం తీరక ఒక పరీక్ష పెట్టాను. ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసు ఉందిగా, దాన్ని తాడుతో బిట్టు పట్టే కాలెట్‌కి తగిలించి, 5 కిలోలు చూపించేదాకా పక్కకి లాగాను. ఎంత కదిలిందో చూడ్డానికి అటువైపు డయల్ గేజ్. చిక్కేమిటంటే గేజ్ స్టాండుకి అయస్కాంతం ఉంటుంది, మిషను బెడ్ ఏమో అల్యూమినియం. వంటింట్లోంచి ఇనప అట్లపెనం తెచ్చి, బెడ్ మీద బోర్లించి, క్లాంపులతో బిగించి, దాని మీద స్టాండు నిలబెట్టాను. ఆదివారం అట్లు ఆలస్యమయ్యాయి. దాని గురించి ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ అనవసరం.

5 కిలోలకి ఎక్స్ (అడ్డం) దిశలో 0.62 మి.మీ., వై (ముందువెనకల) దిశలో 0.45 మి.మీ. వంగింది. చిన్న బిట్టు టేకులో తిరిగేటప్పుడు పడే బలం దరిదాపుగా అంతే ఉంటుందని నా అంచనా. అంటే నేను గీసిన గీతకీ బిట్టు వెళ్లే దారికీ అర మిల్లీమీటరు తేడా. అక్షరం అంచు అలలు తిరగడంలో వింతేముంది?

త్రాసు సంచిలో వేసుకుని ఆ తలుపుల షాపుకి కూడా వెళ్లాను. ఆయన వింతగా చూశాడు గానీ ఒప్పుకున్నాడు. అదే 5 కిలోలకి ఆయన మిషను 0.03 మి.మీ. కదిలింది. గేజ్ ముల్లు కదిలిందో, నా చెయ్యి వణికిందో తెలియనంత.

ఇవాళ్టితో ఒకటి తేల్చుకున్నాను. సైజు, మోటారు, రంగు, యాప్ అన్నీ తర్వాత. కొనే మిషను 5 కిలోలకి 0.15 మి.మీ. కంటే ఎక్కువ వంగకూడదు.

జులై 20

వారమంతా రాత్రిళ్లు ఇదే పని. చూసినవాటి మీద నా అభిప్రాయాలు రాసి పెట్టుకుంటున్నాను.

అమెరికా వాళ్ల షేపోకో, కెనడా వాళ్ల వన్‌ఫినిటీ మంచివని వాడినవాళ్లంతా చెబుతారు. అక్కడ అవి అందుబాటు ధరే. ఇక్కడికి తెప్పించాలంటే పెట్టె బరువుకి రవాణా, ఆపైన కస్టమ్స్ సుంకం, ఆ మొత్తం మీద జీఎస్టీ. లెక్కవేసి ల్యాప్‌టాప్ మూసేశాను. చైనా ఆన్‌లైన్ దుకాణం అలీఎక్స్‌ప్రెస్‌లో విడిభాగాలు ఏరుకునే రోజులు కూడా 2020 నవంబరులో మన ప్రభుత్వం పెట్టిన నిషేధంతో పోయాయి.

సొంతంగా కట్టుకునే దారులు రెండు చూశాను. పైపులూ 3డీ ప్రింటు ముక్కలతో కట్టే ఎంపీసీఎన్‌సీ చవక, కానీ పైపు వంగుతుంది, నా త్రాసు పరీక్షలో నిలబడదని భయం. ఉక్కు బాక్స్ పైపులతో కట్టే ప్రింట్ఎన్‌సీ అయితే గట్టి పిండం. వెల్డింగు షాపు చుట్టూ తిరిగే ఓపిక, ఆరు నెలల టైము ఉంటే అదే చేసేవాణ్ని. మాఘమాసం ఆగదు కదా.

మిగిలింది మన దగ్గరే అల్యూమినియం ప్రొఫైల్‌తో బిగించి అమ్మేవాళ్ల మిషన్లు. వీటిలో చూడాల్సినవి నాకు మూడు కనబడ్డాయి. మొదటిది, బిట్టుని మోసే బండి దేని మీద నడుస్తుందో. ప్రొఫైల్ గాడిలో పరిగెత్తే ప్లాస్టిక్ చక్రాలైతే కొన్నాళ్లకి అరిగి వదులవుతాయి. చదరపు లీనియర్ రైలు అయితే ఆ బాధ తక్కువ. రెండోది, దేనితో కదులుతుందో. బెల్టు సాగుతుంది, లీడ్ స్క్రూకి వెనక్కి తిరిగేటప్పుడు కాస్త ఖాళీ ఉంటుంది, నట్టులో గుండ్రటి గుళ్ల మీద తిరిగే బాల్ స్క్రూ ఖరీదు ఎక్కువైనా నిక్కచ్చిగా ఉంటుంది. మూడోది అందరూ వదిలేసేది, జెడ్, అంటే పైకీ కిందకీ కదిలే దిశ. బిట్టుని తిప్పే మోటారు (దీన్నీ రూటర్ అనే అంటారు) కిందికి ఎంత వేలాడుతుందన్నది. ఒకవైపు బిగించిన కమ్మీ పొడవు రెట్టింపైతే, అదే బలానికి ఎనిమిది రెట్లు వంగుతుంది. బిట్టుకీ ఇదే లెక్క. లావు విషయంలో అయితే ఇంకా ఎక్కువ, 3 మి.మీ. బిట్టు బదులు 6 మి.మీ. పెడితే పదహారు రెట్లు గట్టి. అందుకే "జెడ్ ప్రయాణం 150 మి.మీ." అని గొప్పగా రాసిన మిషను నాకు అక్కర్లేదు. పలక మందం 18 మి.మీ. అయినప్పుడు 80 ఉంటే చాలు.

సైజు విషయంలో కొంచెం ఊగాను. ప్లైవుడ్ షీటు మొత్తం పట్టేది ఉంటే బావుణ్ననిపించింది. కానీ రూటర్‌ని మోసే అడ్డదూలం, అంటే గాంట్రీ, వెడల్పు పెరిగితే మళ్లీ వంపు. నేమ్‌బోర్డు 450 మి.మీ.కి 200. జాలీ తలుపుని ప్యానెళ్లుగా చేసి వడ్రంగి ఫ్రేములో కూర్చోబెట్టవచ్చు. 600కి 400 జాగా చాలని నిర్ణయించుకున్నాను.

జులై 28

నలుగురు అమ్మకందార్లకి ఫోన్ చేశాను. అందరినీ ఒకటే అడిగాను, "మీ మిషను కాలెట్‌కి కొక్కెం త్రాసు తగిలించి 5 కిలోలు లాగి, డయల్ గేజ్ ముల్లు వీడియో తీసి పంపగలరా?" అని.

ఒకాయన మాట్లాడకుండా పెట్టేశాడు. ఇంకొకాయన "మాది హెవీ డ్యూటీ సార్, టెన్షన్ పడకండి" అని బ్రోచర్ పంపాడు. మూడో ఆయన రెండు రోజుల తర్వాత పంపిన వీడియోలో గేజ్ స్టాండు గాంట్రీకే బిగించి ఉంది. గాంట్రీతో పాటు గేజూ కదిలితే ముల్లు తిరగదు కదా! తెలియక చేశాడో, తెలిసే చేశాడో. నాలుగో ఆయన చిన్న వర్క్‌షాపు నడుపుకునే మనిషి. "ఇలా ఎవరూ అడగలేదండి, నాకూ చూడాలనుంది" అని ఆ సాయంత్రమే తీసి పంపాడు. ఎక్స్‌లో 0.11, వైలో 0.13. హెచ్‌జీఆర్ 15 రైళ్లు, 1605 బాల్ స్క్రూలు, నీమా 23 మోటార్లు, వాటిని నడిపే జీఆర్‌బీఎల్ కంట్రోలర్, మిషను తన మూల గుర్తుపట్టే హోమింగ్ స్విచ్‌లు. కోసే రూటర్ మోటారు లేకుండా 78 వేలు. అడ్వాన్సు పంపేశాను.

ఆగస్టు 10

కోసే మోటారు సంగతి. కరెంటు హెర్ట్జ్ మార్చి వేగం మార్చే వీఎఫ్‌డీ పెట్టి నడిపే 1.5 కిలోవాట్ స్పిండిల్ మోటారు అయితే చప్పుడు తక్కువ, రోజంతా తిరుగుతుంది. 400 హెర్ట్జ్ ఇస్తే నిమిషానికి 24,000 తిప్పులు. మనసు దాని మీదే ఉంది, డబ్బు లేదు. వడ్రంగులు వాడే ట్రిమ్మర్ రూటరే దిక్కు.

ఊళ్లో ఎక్కడ అడిగినా దొరికేది బాష్ జీకేఎఫ్ 550. గట్టిది. కానీ వేగం మార్చే వీలు లేదు, 33,000 ఒకటే. రెండు అంచుల బిట్టుతో, అంచుకి 0.05 మి.మీ. ముక్క తెగాలంటే నిమిషానికి 3,300 మి.మీ. పరిగెత్తాలి. మూలల్లో మిషను నెమ్మదించక తప్పదు, అక్కడ బిట్టు చెక్కని కోయకుండా రుద్దుతుంది, టేకు మాడి నల్లబడుతుంది. మా వడ్రంగి మేస్త్రి దీన్ని ఒక్క ముక్కలో చెప్పేశాడు: "పొట్టు రావాలండి, పిండి రాకూడదు." అందుకని 10,000 నుంచి 30,000 దాకా వేగం మార్చుకునే మకిటా ఆర్‌టీ0700 తీసుకున్నాను. బాడీ 65 మి.మీ., మిషనుతో వచ్చే క్లాంపులో సరిపోతుంది. కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి కాబట్టి ఒక జత అదనంగా కొన్నాను.

బిట్లు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. షాపుల్లో 6 మి.మీ. కాడవి, పావంగుళం అంటే 6.35 మి.మీ. కాడవి ఒకే డబ్బాలో కలిసి ఉంటాయి. పావంగుళం బిట్టు 6 మి.మీ. కాలెట్‌లో దూరదు, దాంతో బాధ లేదు. 6 మి.మీ. బిట్టుని పావంగుళం కాలెట్‌లో బిగిస్తే మాత్రం బిగిసినట్టే ఉంటుంది, తిరిగేటప్పుడు జారుతుంది. ఇరవై వేల తిప్పుల మీద జారితే ఎవరి మొహం మీదకి వస్తుందో చెప్పలేం. కాడ మందం కొలిచే వెర్నియర్ జేబులో పెట్టుకుని వెళ్లాను. షాపు కుర్రాడు నవ్వుకున్నా సరే.

సెప్టెంబరు 5

లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నుంచి ఆటోలో పెట్టె తెచ్చి, కారు షెడ్డులో దించడానికి ముగ్గురం కావాల్సి వచ్చింది. ఆ బరువు చూసి నాకు ఆనందం, నా భార్యకి అనుమానం.

బిగించాక మొదటి ఆర్డర్: ఎక్స్‌లో 100 మి.మీ. కదులు. కదిలింది. స్కేలు పెట్టి కొలిస్తే 78. గుండె గుభేలుమంది. మళ్లీ చేశాను, మళ్లీ 78. కాసేపు స్క్రూలనీ కప్లింగులనీ అనుమానించి, తర్వాత కాగితం తీసుకున్నాను. మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు (స్టెప్పులు) వేస్తుంది, దాన్ని నడిపే డ్రైవర్ బోర్డు ఒక్కో అడుగునీ 8గా విడగొడుతుంది, మొత్తం 1,600. 1605 స్క్రూలో ఆ చివరి 05 అంటే చుట్టుకి 5 మి.మీ. కదలిక. 1,600ని 5తో భాగిస్తే మి.మీ.కి 320. కంట్రోలర్ సెట్టింగుల్లో చూస్తే 250 ఉంది, జీఆర్‌బీఎల్‌తో పుట్టుకతో వచ్చే అంకె, ఎవరూ మార్చలేదు. 250ని 320తో భాగిస్తే 0.78! లెక్క కుదిరిన ఆ క్షణంలో మిషను కొన్న డబ్బులు సగం వచ్చేసినట్టనిపించింది. మూడు అక్షాలకీ 320 కొట్టాను. వంద అంటే వంద.

సెప్టెంబరు 14

మూలమట్టం చూశాను. 18 మి.మీ. ఎండీఎఫ్ పలక మీద 400కి 300 దీర్ఘచతురస్రం నాలుగు మూలల్లో సన్న చిల్లులు వేయించి, రెండు కర్ణాలూ కొలిచాను. రెండూ 500 రావాలి. ఒకటి 500.8, ఇంకోటి 499.2. గాంట్రీ కాస్త వంకరగా వచ్చిందన్నమాట. ఒకవైపు బోల్టులు వదులుచేసి, జరిపి, బిగించి, మళ్లీ చిల్లులు వేసి... ఐదోసారికి తేడా 0.2లోకి వచ్చింది. పలక జల్లెడలా తయారైంది.

రూటర్ కూడా నిట్టనిలువుగా లేదు, ముందుకి వాలి ఉంది. కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి ఆ రేకు ముక్కలు రెండు క్లాంపు వెనక పెట్టాను. ఆ రేకు మందం ఇంచుమించు 0.1 మి.మీ., ఇలాంటి పనికి బంగారం.

దుమ్ము గురించి ఎవరూ ముందు చెప్పరు. ఎండీఎఫ్ చదును చేసిన రోజు కారు, స్కూటరు, ఆరేసిన బట్టలు, తులసికోట అన్నీ ఒకటే రంగు. పెయింటు బకెట్టుతో దుమ్ముని సుడితిప్పి కింద పడేసే సైక్లోన్ చేసి వ్యాక్యూమ్ క్లీనర్‌కి తగిలించాను. మాస్కు లేకుండా ఎండీఎఫ్ దగ్గర నిలబడటం మానేశాను. ఇప్పటికి ఖర్చు: మిషను 78 వేలు, దానికి తోడు రూటరు, బిట్లు, వ్యాక్యూమ్, టేబులు, లారీ కిరాయి కలిపి ఇంకో 39 వేలు. లక్ష దాటింది. డెబ్బై వేల మాట ఎవరూ ఎత్తట్లేదు, నేనూ ఎత్తట్లేదు.

అక్టోబరు 4

అక్షరాలు. ఇన్నాళ్ల హడావిడీ దీనికోసమే, ఇక్కడే ఎక్కువ రోజులు పోయాయి.

టూల్‌పాత్ (బిట్టు నడిచే దారి) తయారుచేసే ప్రోగ్రాములో నేరుగా "శ్రీ కృష్ణ నిలయం" అని టైపు చేశాను. "కృష్ణ"లో ణ ఒత్తు ష కిందకి రాకుండా, పక్కనే పెద్ద ణగా నిలబడింది. శ్రీలో ర ఒత్తు ఎటో పోయింది. ఇంగ్లిషు అక్షరాలని వరసగా పేర్చడమే తెలిసిన ప్రోగ్రాములకి మన ఒత్తుల సంగతి అర్థం కాదు. దారి ఏమిటంటే, బొమ్మలు గీసే ప్రోగ్రాము ఇంక్‌స్కేప్‌లో టైపు చెయ్యాలి. అక్కడ ఒత్తులు సరిగ్గా పడతాయి. తర్వాత అక్షరాలని పాత్‌గా మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా తీసుకెళ్లాలి. అప్పుడవి అక్షరాలు కావు, ఉత్త గీతలు. ఏ ప్రోగ్రామైనా ఏమీ అనకుండా తీసుకుంటుంది.

ఫాంటు దగ్గర ఇంకో పాఠం. వి ఆకారపు బిట్టుతో చెక్కేటప్పుడు గీత ఎంత వెడల్పుంటే బిట్టు అంత లోతుకి దిగుతుంది. 60 డిగ్రీల బిట్టుకి లోతు గీత వెడల్పులో 0.87 వంతు, 90 డిగ్రీలకి సరిగ్గా సగం. మండలి ఫాంటు పుస్తకానికి చక్కగా ఉంటుంది గానీ, ఈ సైజులో చెక్కితే గీతలు సన్నమై పిల్లి గీరినట్టు వచ్చింది. రామభద్ర లావు అక్షరం. గీత 9 మి.మీ. వచ్చేలా పెద్దది చేస్తే 60 డిగ్రీల బిట్టు దాదాపు 8 మి.మీ. దిగుతుంది, వరండాలో ఏటవాలు వెలుగు పడితే నీడ బాగా కూర్చుంటుంది. చిక్కు సున్నాలతో వచ్చింది. మన అక్షరాలన్నీ గుండ్రాలే, లోపల మిగిలే చెక్క చిన్న దీవిలా ఉంటుంది. నార అడ్డంగా పడిన చోట ఆ దీవి ఊడిపోతుంది. ఎండీఎఫ్‌లో బాగానే వచ్చిన "నిలయం" చివరి సున్నా, టేకు ముక్కలో మధ్యబొట్టు ఎగరగొట్టుకుంది. ఇంక్‌స్కేప్‌లో నోడ్లు పట్టుకుని లోపలి ఖాళీని చేత్తో పెద్దది చేశాను. ఆ సున్నాకే గంటన్నర పట్టింది.

అక్టోబరు 19

అడితిలో ఆరిన పాత టేకు పలక దొరికింది, ఏదో పడగొట్టిన ఇంటి తలుపుదట. చిత్రిక పట్టేసరికి తేనె రంగు బయటికొచ్చింది. బిగించి, 18,000 తిప్పులు, నిమిషానికి 1,500 మి.మీ. పెట్టి ముందు చుట్టూ అంచు గాడి కోయడం మొదలెట్టాను. సన్నటి పొట్టు, చప్పుడు ఒకటే శ్రుతిలో. 3018 అరుపు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నలభై నిమిషాలకి కరెంటు పోయింది.

నా తెలివి ఇక్కడ చెప్పాలి. కరెంటు పోతే పని పాడవకూడదని కంట్రోలర్‌ని ఇంటి ఇన్వర్టర్ లైనుకి పెట్టాను. రూటర్ మాత్రం మామూలు లైనులో ఉంది, ఇన్వర్టర్ మొయ్యలేదని. అంటే రూటర్ ఆగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. తిరగని బిట్టుని టేకులోకి ఈడ్చుకుంటూ పోయింది. నేను స్విచ్ దగ్గరికి చేరేలోపు టప్‌మని రెండు ముక్కలు.

ఇప్పుడు రెండూ ఒకే లైనులో ఉన్నాయి, పోతే రెండూ కలిసే పోతాయి. హోమింగ్ స్విచ్‌ల విలువ ఆ రోజే తెలిసింది. కరెంటు వచ్చాక మిషను మూలకెళ్లి స్విచ్ తాకి తన చోటు గుర్తుపడుతుంది. చెక్క జీరో, అంటే చెక్క మీద కొలతలు మొదలయ్యే చోటు, జీ54 అన్న పేరు కింద కంట్రోలర్‌లోనే దాచి ఉంటుంది. ఆగిన చోటుకి కొన్ని లైన్లు ముందు నుంచి మళ్లీ నడిపిస్తే గాడి అతుకు కనబడలేదు. విరిగిన బిట్టు గీసిన గాటు మాత్రం ఉంది. అదృష్టం, పోయే అంచులో ఉంది.

అక్షరాలు మర్నాడు చెక్కాను. ష్ణ ఒత్తు దగ్గర ఊపిరి బిగబట్టాను గానీ, ఏమీ కాలేదు.

నవంబరు 9

జాలీ ప్యానెళ్లు నాలుగు అయ్యాయి. ఒక్కోదాన్లో పదహారు చదరపు గళ్లు. బోర్డూ ప్యానెళ్లూ చూడ్డానికి మేస్త్రి వచ్చాడు. బోర్డు మీద అక్షరాల్లో వేలు పెట్టి అడుగుదాకా తడిమి చూశాడు. ఏమీ అనలేదు. ప్యానెల్ తీసి వెలుగుకి పెట్టి మాత్రం ఆగాడు.

"గడి మూలలు గుండ్రంగా ఉన్నాయేంటండి?"

తిరిగే బిట్టు లోపలి మూలని చదరంగా కోయలేదు, దాని వ్యాసంలో సగం గుండ్రం మిగిలిపోతుంది, 6 మి.మీ. బిట్టుకి 3 మి.మీ. అని చెప్పాను. లక్షా పదిహేడు వేల మిషను గురించి అలా చెప్పడం నాకే అదోలా ఉంది. ఆయన సంచిలోంచి అరంగుళం ఉలి తీశాడు. ప్యానెల్ బల్ల మీద పెట్టి, నారకి అడ్డంగా ఒక దెబ్బ, నిలువుగా ఒక దెబ్బ, చిన్న ముక్క లేచి కింద పడింది. మూల చదరం. కత్తితో కోసిన మైసూర్‌పాకులా ఉంది.

"ముందు అడ్డం కొట్టాలండి. నిలువు ముందు కొడితే చీలిపోద్ది. ఆయ్, మీరు కొట్టండి."

ఉలి నాకిచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాలుగు ప్యానెళ్లు, పదహారేసి గళ్లు, గడికి నాలుగు మూలలు. మొత్తం 256. చీకటిపడేసరికి 31 అయ్యాయి, వాటిలో ఆయన కొట్టినవి 6.